ఆకు లేని కట్టెకు పేరెట్లా తెలుస్తుంది?

వేసవిలో కట్టెల మోపు ఇంటి ముందర దించగానే పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. మోపులో ఉన్నవన్నీ ఎండు కట్టెలు. ఆకు లేదు, పూవు లేదు, కాయ లేదు. అయినా మోపు తెచ్చిన అవ్వ ఒక్కో కట్టె బయటికి లాగి, ఇది సంకటి కుండ కిందికి, ఇది నీళ్ల కాగు కిందికి, ఇది పొయ్యి రాజేసుకోవడానికి అని విడివిడిగా పేర్చుకుంటుంది.

“ఇది ఏం చెట్టుదో నీకెట్లా తెల్సవ్వా?”

“పట్ట చూడమ్మీ. తెల్లతుమ్మది గాదా!”

అవ్వ చెప్పింది నాలుగు ముక్కలే. కానీ పట్ట చూసి చెట్టు పేరు చెప్పడం వెనుక చెట్టు ఎట్లా లావెక్కుతుందో, ఎండకూ మంటకూ ఎట్లా తట్టుకుంటుందో, పొయ్యిలో ఎట్లా మండుతుందో అన్నీ ఉన్నాయి.

బడిలో మనం చదువుకున్న వృక్షశాస్త్రం పూవుతో మొదలవుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో అచ్చువేసిన గ్రంథంలో మొక్కలన్నిటినీ పూవులోని కేసరాల లెక్కను బట్టి తరగతులుగా విడదీశాడు. ఆ లెక్క తర్వాత మారింది గానీ పూవుకు, కాయకు వేసిన పెద్దపీట మారలేదు. దానికి సరైన కారణమే ఉంది. లేత చెట్టయినా ముదురు చెట్టయినా, రాతినేల అయినా నల్లరేగడి అయినా పూవు కట్టుబాటు మారదు. బెరడు మాత్రం వయసుతో మారుతుంది, చోటును బట్టి మారుతుంది. అందుకే పుస్తకాలు బెరడును రెండు మాటల్లో తేల్చేస్తాయి.

కానీ కట్టెలకు పోయే మనిషికి పూవు దొరకదు. కడప జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు. పులివెందుల, జమ్మలమడుగు వైపు అంత కూడా పడదు. శివరాత్రి దాటితే పాలకొండల మీద, లంకమల మీద చాలా చెట్లు ఆకు రాల్చి మోడుల్లా నిలబడతాయి. కట్టెలు ఎండేదీ, ఏరుకొచ్చేదీ ఆ కాలంలోనే. యురేనియం గనితో దేశమంతటికీ తెలిసిన వేముల మండలం తుమ్మలపల్లెలో అయినా, దాని చుట్టుపక్కల ఏ పల్లెలో అయినా వంక గట్టున నిలబడి చూస్తే ఆ రోజుల్లో చెట్టుకు మిగిలే గుర్తు బెరడు ఒక్కటే.

ఈ గుర్తును చిన్నచూపు చూడని దొర ఒకాయన ఉన్నాడు. అటవీశాఖలో పనిచేసిన జె.ఎస్. గ్యాంబుల్ 1881లో భారతదేశపు కలప మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో చెట్టు వెంట చెట్టు తీసుకుని బెరడు రంగు, మందం, పగులు తీరు, ఆ తర్వాత కట్టె రంగు, గట్టిదనం వరసగా రాశాడు. అడవిలో పనిచేసేవాళ్లకు పనికొచ్చేది అదేనని ఆయనకు తెలుసు. మన పల్లెల్లో కట్టెలు ఏరే ఆడవాళ్లకు, కొండల్లో తిరిగే యానాదులకు ఆ సంగతి పుస్తకం లేకుండానే తెలుసు.

రొట్టె అంచు పగిలినట్టు

బెరడు అంటే ఒకే పొర అనుకుంటాం. పచ్చి కొమ్మ మీద కొడవలి మొనతో గోరంత మేర కోసి చూడండి. పైన ఎండిపోయిన గరుకు పొర ఉంటుంది. దాని కింద తేమగా, మెత్తగా ఉన్న లోపట్ట. ఆ తర్వాత గట్టి కట్టె.

లోపట్ట ప్రాణమున్న పొర. ఆకులు వండిన తిండిని వేళ్లదాకా మోసుకుపోయేది అదే. ఇంగ్లీషులో ఫ్లోయం అంటారు. మాను చుట్టూ ఒక ఉంగరం మేర ఈ పట్ట ఒలిచేస్తే, పైన ఆకులు పచ్చగానే ఉన్నా కింద వేళ్లకు తిండి అందదు. కొంతకాలానికి వేళ్లు చచ్చి, చెట్టు నిలువునా ఎండుతుంది. లోపట్టకూ కట్టెకూ నడుమ కంటికి ఆనని పల్చటి పొర ఇంకొకటుంది. దాన్ని ఎదుగుపొర అందాం, శాస్త్రంలో కేంబియం. లోపలివైపుకు కట్టెను, బయటివైపుకు లోపట్టను పుట్టిస్తూ పోతుంది. చెట్టు లావెక్కడమంటే ఈ పొర చేసే పనే.

పైనున్న గరుకు పొరను తయారుచేసేది వేరే పొర. దాన్ని బెండుపొర అందాం. శాస్త్రంలో కార్క్ కేంబియం. ఇది బయటివైపుకు నెట్టే కణాలు తమ గోడలకు సుబెరిన్ అనే మైనంలాంటి పదార్థం పట్టించుకుని చచ్చిపోతాయి. లోపల గాలి మిగులుతుంది. నీళ్లు దిగవు, లోపలి తేమ బయటికి పోదు, వేడి తొందరగా పాకదు. సీసాలకు బిగించే బెండు బిరడా ఒక జాతి ఓక్ చెట్టు నుంచి ఒలిచిన ఈ పొరే. 1665లో రాబర్ట్ హుక్ ఇంగ్లండులో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది ఈ బెండు ముక్కనే. ఖాళీ గదులు వరసలుగా కనిపించాయి. ఘనపు అంగుళంలో అటువంటివి 120 కోట్లకు పైగా ఉంటాయని లెక్కగట్టాడు. మనిషి మొట్టమొదట చూసిన కణాలు చెట్టు బెరడులోని చచ్చిన కణాలు.

ఇక పగుళ్ల సంగతి. జొన్నరొట్టె తట్టడం చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పిండిముద్ద అరచేతి కింద వెడల్పయ్యేకొద్దీ అంచున నెర్రెలు విచ్చుతాయి. జొన్నపిండికి సాగే గుణం లేదు. గోధుమపిండిలో గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు ఉంటుంది కాబట్టి ఆ ముద్ద ఎంత ఒత్తినా పగలకుండా పరుచుకుంటుంది. చెట్టు మాను కూడా ఏటేటా వెడల్పయ్యే ముద్ద. లోపల కట్టె పెరుగుతుంటే పైనున్న బెరడు దానితోపాటు వెడల్పు కావాలి, లేదా పగలాలి. కానుగ చెట్టు చూడండి. చాలా ఏళ్లు వచ్చినా మాను బూడిదరంగులో నున్నగానే ఉంటుంది. ఇటువంటి నున్నటి చెట్లలో మొదటి బెండుపొర చావకుండా బతికే ఉండి, మాను చుట్టుకొలత పెరిగేకొద్దీ పక్కలకు కూడా కణాలు చేర్చుకుంటుంది. అది గోధుమ ముద్ద. నల్లతుమ్మ జొన్న ముద్ద. పైన పేరుకున్న చచ్చిన బెండు సాగదు, నిట్టనిలువునా చీలిపోతుంది. చేయి తిరిగిన మనిషి రొట్టె అంచున నెర్రె కనిపించగానే తడివేలితో అదిమి మూసేస్తుంది. చెట్టూ అంతే. పగులు లోపలికి దిగేలోగా దాని అడుగున కొత్త బెండుపొర పుట్టించుకుని లోపట్టను కాపాడుకుంటుంది.

ఆ కొత్త పొర ఏ ఆకారంలో పుడుతుందన్నదే చెట్టుకొక ముఖం ఇస్తుంది. చిప్పల్లాగా, ఒకదానిమీదొకటి ఎక్కినట్టు పుడితే బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. మాను చుట్టూ ఉంగరంలా పుడితే పొరలు పొరలుగా, కాగితాల్లాగా లేస్తుంది. లోపట్టలో నార ఎక్కువగా ఉంటే పెచ్చు విడివడక, పొడుగాటి పట్టీలుగా వేలాడుతుంది. మన కొండల్లో ఏపి చెట్టు ఉంది, నారేపి అని కూడా అంటారు. దాని నారతో తాళ్లు పేనేవాళ్లు. అంత బలమైన నార ఉన్న పట్టను అడ్డంగా తుంచబోతే తెగదు, పొడుగునా వస్తుంది. దాని కట్టె మన దేశపు కలపల్లో అత్యంత బరువైనవాటిలో ఒకటి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మోపులోకి వచ్చేది మాను కాదు, కొమ్మ. ముదురు మాను మీద అరచేయి పట్టేంత లోతు నెర్రెలున్న చెట్టుకు కూడా పైకొమ్మ బెరడు నున్నగా ఉండొచ్చు. అక్కడ వయసు తక్కువ, పగిలేంత లావెక్కలేదు. కాబట్టి ఒక చెట్టును నేర్చుకునేటప్పుడు దాని మొదలు, నడిమి కొమ్మ, చిటికెనవేలంత రెమ్మ, మూడూ ఒకేసారి చూసి గుర్తుపెట్టుకోవాలి. ఒక్క మాను చూసి నేర్చుకున్నవాళ్లు మోపు దగ్గర తడబడతారు.

తుమ్మల్లో తేడాలు

ఈ సీమలో ఎక్కువమంది పొయ్యికి వచ్చేవి తుమ్మజాతి కట్టెలే. అన్నిటికీ ముళ్లున్నాయి, అన్నిటికీ చిన్నచిన్న ఆకులున్నాయి. దూరం నుంచి చూసేవారికి అన్నీ ఒకటే. దగ్గరికి పోతే వేటి ముఖం వాటిదే.

నల్లతుమ్మ మాను నలుపు కలిసిన ముదురు గోధుమరంగు. నెర్రెలు నిలువుగా, లోతుగా ఉంటాయి. నెర్రెలో వేలు పెడితే గరుకు తెలుస్తుంది. కొడవలితో గీస్తే లోపట్ట ఎర్రగా కనిపిస్తుంది. గాయమైన చోట తేనెరంగు బంక ముద్దగా కట్టి మెరుస్తుంది. లేత కొమ్మల మీద తెల్లటి, పొడుగాటి ముళ్లు జంటలుగా నిటారుగా ఉంటాయి. ఆ పట్టలో టానిన్ అనే వగరు పదార్థం నూటికి 12 నుంచి 20 పాళ్లు ఉంటుంది. అది తోలులోని మాంసకృత్తులను పట్టుకుని బిగించి, కుళ్లకుండా చేస్తుంది. తోళ్లు ఊనేవాళ్లు తంగేడు చెక్కతోపాటు తుమ్మచెక్క వాడింది ఇందుకే. చెట్టుకు మాత్రం ఆ వగరు పురుగు నుంచి కాపుదల.

తెల్లతుమ్మను వేరు చేయడం తేలిక. బెరడు పాలిపోయిన రంగులో, పసుపు కలిసిన తెలుపులో ఉంటుంది. పడుచు చెట్టు మీద దాదాపు నున్నగా ఉండి, పల్చటి పొరలుగా లేస్తుంది. వెన్నెల్లో కూడా ఆ మాను వేరుగా కనిపిస్తుంది. ముసలి చెట్టు మొదట్లో మాత్రం నల్లబడి గరుకవుతుంది, అక్కడ నల్లతుమ్మేమో అనిపిస్తుంది. అప్పుడు తలెత్తి కొమ్మలు చూడాలి. పాతకాలంలో నాటుసారా కాచేవాళ్లు ఊటలో వేసింది ఈ తెల్లతుమ్మ పట్టనే.

చండ్ర తుమ్మకు దగ్గరి చుట్టం. సండ్ర అనీ అంటారు. బెరడు ముదురు గోధుమరంగు, సన్నటి పెచ్చులుగా, పట్టీలుగా ఊడుతుంది, అడుగున ఎర్రగా ఉంటుంది. ముళ్లు నిటారుగా ఉండవు, గాలంలాగా కిందికి వంగి ఉంటాయి. చొక్కా పట్టుకుంటే వదలదు. చేవ ముదురెరుపు. చెదలు తొందరగా ముట్టదు. మండితే నిప్పు చాలాసేపు నిలుస్తుంది.

ఇక నాలుగోది. ఇది మన నేల చెట్టు కాదు. సర్కారు కంప అనీ, సీమతుమ్మ అనీ, ఒట్టి కంపచెట్టు అనీ పిలుస్తారు. శాస్త్రంలో ప్రోసోపిస్ జూలిఫ్లోరా. దీని కథ ఈ జిల్లాలోనే మొదలైందని చాలామందికి తెలియదు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర విభాగం అడవుల అధికారి లెఫ్టినెంట్ కల్నల్ బెడ్డోమ్, మెట్ట ప్రాంతాల్లో వంటచెరకు కోసం ఈ విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖకు రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురంలో చల్లారు. పులివెందులకూ ప్రొద్దుటూరుకూ ఎంతో దూరం లేని కమలాపురమే అది. ఈ బెడ్డోమ్ మామూలు అధికారి కాదు. దక్షిణ భారతపు అడవి చెట్ల మీద 1869లో మొదలుపెట్టి బొమ్మలతో పెద్ద గ్రంథం వెలువరించిన పండితుడు. ఈ నేల చెట్లు అంత బాగా తెలిసిన మనిషే కరువునేలకు కట్టె కావాలని పరాయి చెట్టును తెచ్చాడు.

ఆ రోజుల్లో కట్టె కరువు నిజమే. మద్రాసు రైల్వే ఇంజన్లకు కూడా కట్టెలు పోయేవి. 1876, 77, 78 సంవత్సరాలు ఈ ప్రాంతమంతా ఘోర కరువు కాలం. ఏ నేలలోనైనా బతికే, నరికితే మళ్లీ మొదలు నుంచి చిగిర్చే చెట్టు ఆనాటి వాళ్లకు వరంలాగే తోచి ఉంటుంది. దాని కాయ తియ్యగా ఉంటుంది. పశువులు తింటాయి, గింజ అరగకుండా పేడలో పడి మొలుస్తుంది. అట్లా గట్టు నుంచి గట్టుకు, వంక నుంచి వంకకు పాకింది. చెరువుల్లో, బీళ్లలో మన మొక్కలకు చోటు లేకుండా కమ్ముకుంది.

దీని బెరడు బూడిద కలిసిన గోధుమరంగు. నెర్రెలు ఉంటాయి గానీ నల్లతుమ్మంత లోతుగా, నల్లగా ఉండవు. అయితే దీన్ని పట్టించేది రెమ్మ. కణుపు కణుపుకూ అటొక వంపు, ఇటొక వంపు తిరుగుతూ వంకరటింకరగా పోతుంది. వంపు తిరిగిన ప్రతిచోటా ముల్లు. నరికిన చోట అంచు లేతపసుపు, నడుమ ఎరుపు కలిసిన గోధుమరంగు చేవ. సెగ ఎక్కువ. ఒక కిలో ఎండుకట్టెకు సుమారు 4,800 కిలో కేలరీల వేడి ఇస్తుంది. బొగ్గుబట్టీలవాళ్లు వెతికేది కూడా దీన్నే.

కంప నరకడంలోనూ ఒక విచక్షణ కావాలి. చిట్టడవి మొత్తం చదును చేయడం వేరు, కంపను ఏరి కొట్టుకోవడం వేరు. ఈ జిల్లా ముళ్లపొదల అడవిలోనే కలివికోడి బతుకుతుంది. లోకమంతా అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర మళ్లీ కనిపించింది. దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటు చేశారు. దానికి కావలసింది దట్టమైన కంప కాదు, పూర్తిగా కొట్టేసిన బయలు కాదు. నడుమ నడుమ ఖాళీ నేల ఉన్న రేగు, చండ్ర, కలివి పొదలు. ఏ పొద ఏదో తెలియకుండా గొడ్డలి వేస్తే ముందు పోయేది ఆ పక్షి ఇల్లు.

మొసలి వీపులాంటి పట్ట

మైదానం దాటి కొండ ఎక్కితే చెట్ల బెరడు మందమవుతుంది. కారణం మంట. ఎండాకాలంలో కొండల్లో బోద గడ్డి తగలబడటం ఏనాటి నుంచో ఉంది. మాను లోపలి ఎదుగుపొర 60 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూఇటూ వేడెక్కితే చచ్చిపోతుంది. అక్కడిదాకా వేడి పాకకుండా అడ్డుపడేది గాలి నిండిన బెండే. ఇందులో గమనించదగ్గ లెక్క ఒకటుంది. బెరడు మందం రెండింతలైతే, వేడి లోపలికి చేరడానికి పట్టే సమయం రెండింతలు కాదు, నాలుగింతలు. గడ్డిమంట ఒకచోట నిలిచేది కొద్ది నిమిషాలే. అంగుళం మందం బెరడున్న చెట్టు ఆ కొద్ది నిమిషాలు గట్టెక్కుతుంది. పల్చటి బెరడున్న మొక్క మాడిపోతుంది.

అట్లా మందంగా, నిలువు అడ్డం చీలికలతో నలుచదరపు పలకలు పలకలుగా, మొసలి వీపును గుర్తుచేసే పట్ట ఉన్న చెట్లు మన కొండల్లో ముఖ్యంగా రెండు. ఒకటి ఎర్రచందనం, రెండోది నల్లమద్ది.

ఎర్రచందనం ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, వాటి చుట్టుపక్కల కొండలు, అంతే దాని రాజ్యం. ముళ్లుండవు. బెరడు నలుపు తిరిగిన గోధుమరంగు, పలకలు స్పష్టంగా విడివిడిగా ఉంటాయి. చిన్న గాటు పడినా రక్తంలాంటి ఎర్రటి జిగురు ఊరుతుంది. చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది. అంతర్జాతీయ వాణిజ్యాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో 1995లో దీన్ని చేర్చారు. 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. దాని కొమ్మ ఒక్కటి మోపులో దొరికినా తెచ్చినవాళ్లు కేసులో ఇరుక్కుంటారు. ఎండిపోయి నేలమీద పడిన కట్టె అయినా సరే, అది ముట్టుకోకూడని కట్టె. చండ్ర చేవ కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి తెలియనివాళ్లు ఒకదాన్ని చూసి ఇంకొకటనుకుంటారు. వంగిన ముల్లు ఉంటే చండ్ర. ముల్లు లేకుండా పలకల బెరడు ఉంటే వెనక్కి తగ్గాలి.

ఎర్ర జిగురు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. పెద్దేగి చెట్టు గాయానికీ ఎర్రటి జిగురే వస్తుంది, అది ఎర్రచందనానికి దగ్గరి బంధువు. మోదుగకూ వస్తుంది. రంగు, పగులు, జిగురు, ముల్లు నాలుగూ కలిస్తేనే సాక్ష్యం.

నల్లమద్ది పట్ట పలకలు చూస్తే ఎర్రచందనమేనా అనిపిస్తుంది. కానీ గాటు పెడితే ఆ నెత్తుటి జిగురు రాదు. దీని విశేషం వేరు. కొన్ని నల్లమద్ది మానులు కాండంలో నీళ్లు నిల్వ చేసుకుంటాయి. 2024 మార్చిలో అల్లూరి సీతారామరాజు జిల్లా పాపికొండల జాతీయ ఉద్యానంలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది మీద కత్తి వేటు వేయగానే నీళ్లు ధారగా చిమ్మాయి. ఆ వీడియో దేశమంతా చూసింది. అక్కడి కొండరెడ్డి గిరిజనులకు అది కొత్త కాదు. ఏ మానులో నీళ్లుంటాయో బెరడు ఉబ్బు చూసి చెబుతారు.

దీనికి పూర్తిగా ఎదురు తపసి చెట్టు. బోడి రాళ్ల మీద, వేసవిలో ఆకు లేకుండా, తెల్లగా మెరిసే మానుతో నిలబడుతుంది. పైపొర కాగితమంత పల్చన. దాన్ని గోటితో లేపితే కింద ఆకుపచ్చ. ఆకులు రాలిన రోజుల్లో కూడా ఆ పచ్చదనం కాస్త ఎండను పట్టి చెట్టుకు తిండి చేసిపెడుతుంది. ఈ చెట్టు విలువ బంకలో ఉంది, కట్టెలో కాదు. మెత్తటి కట్టె, మంట నిలవదు. కొట్టుకొచ్చినా పొయ్యికి లాభం లేదు.

గోరు, ముక్కు, చెవి

కంటి తర్వాత గోరు. కొమ్మ ఎండినదో బతికున్నదో చూపుకు తెలియకపోతే చిటికెన గోటంత మేర పైపొర గీకాలి. కింద పచ్చగా, తడిగా ఉంటే అది ప్రాణమున్న కొమ్మ, వదిలేయాలి. గోధుమరంగులో పొడిగా ఉంటే ఎండినట్టు. ఆకురాల్చిన చెట్టును చచ్చిన చెట్టనుకుని కొట్టేయడం కొత్తగా కట్టెలకు పోయేవాళ్లు ఎక్కువగా చేసే పని. ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలా చెట్లు బతుకుతాయి. గీకేది చిన్నగా ఉండాలి. మాను చుట్టూ పట్ట లేపకూడదు, ఎందుకో ముందే చూశాం.

తర్వాత ముక్కు. అందుగు చెట్టు పట్ట పల్చటి పొరలుగా లేస్తుంది, గాయం దగ్గర సాంబ్రాణి వాసన. నెమలినార పచ్చి పట్ట నలిపితే చెడు వాసన. వేప పట్ట లోపల ఎర్రగా ఉండి, దాని చేదు వాసనలోనే తెలిసిపోతుంది. నాలుకతో మాత్రం తెలియని పట్టను ఎప్పుడూ పరీక్షించకూడదు. దానికి చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 19వ శతాబ్దం మొదట్లో యూరపు మందుల దుకాణాల్లో జ్వరానికి వాడే అంగోస్టురా అనే దక్షిణ అమెరికా చెట్టు పట్టలో ఇంకేదో పట్ట కలిసిపోయి మనుషులు చనిపోయారు. 1819లో పెల్టియే, కావంటూ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు ఆ కలిసిన పట్ట నుంచి ఒక విషాన్ని వేరుచేశారు. అది ఇథియోపియాలో పెరిగే బ్రూసియా అనే చెట్టు పట్ట అనుకుని దానికి బ్రూసిన్ అని పేరు పెట్టారు. తీరా చూస్తే ఆ పట్ట మన అడవుల్లోని ముష్టి చెట్టుది. బూడిదరంగులో, పల్చగా, ఏ ప్రత్యేకతా లేని పట్ట. పండితులు కూడా పొరబడ్డారు.

పొయ్యిలో పెట్టకూడని కట్టెలూ ఉన్నాయి. నల్లజీడి పట్ట గాటు పెడితే కారే రసం గాలికి నల్లబడుతుంది. చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టింది ఆ కాయ రసంతోనే. ఒంటికి తగిలితే బొబ్బలు లేస్తాయి, పొగ తగిలినా ముఖం వాస్తుంది. గన్నేరు కట్టె, పాలుగారే జెముడు కూడా అంతే. వాటి పొగ మంచిది కాదు.

చెవికీ పని ఉంది. రెండు ఎండుకట్టెలు ఒకదానితో ఒకటి కొడితే టక్కున మోగుతాయి. పచ్చివి అయితే మందంగా శబ్దం చేస్తాయి. ఎండేకొద్దీ కట్టె కుంచించుకుంటుంది, కొన మీద నెర్రెలు పడతాయి, బెరడు పట్టు వదులుతుంది. పట్ట తనంతట తాను ఊడి వస్తోందంటే కట్టె పొయ్యికి సిద్ధమైనట్టే.

పొయ్యి దగ్గర లెక్క

ఏ చెట్టు కట్టె అయినా బాగా ఎండాక కిలోకు ఇచ్చే వేడిలో పెద్ద తేడా ఉండదు, దాదాపు 4,500 నుంచి 5,000 కిలో కేలరీలు. అయినా చండ్ర నిప్పు గంటలు నిలిచి, మునగ కట్టె నిమిషాల్లో బూడిదవుతుంది. తేడా బరువులో ఉంది. ఒకే కొలత ముక్కలో చండ్రలో కట్టె పదార్థం ఎక్కువ, మునగలో గాలి ఎక్కువ. అందుకే సంకటి కెలకడానికి నిలకడైన సెగ కావాలంటే తుమ్మ, చండ్ర, కంప పెడతారు. రాజేయడానికి తేలిక పుల్లలు, పెచ్చులు.

అంతకన్నా పెద్ద తేడా తడి. పచ్చికట్టె బరువులో సగం దాకా నీళ్లుండొచ్చు. ఒక కిలో నీటిని కాచి ఆవిరి చేయడానికి సుమారు 600 కిలో కేలరీలు కావాలి. లెక్కగడితే సగం తడి ఉన్న కట్టె ఇచ్చే వేడిలో దాదాపు ఎనిమిదో వంతు తన నీళ్లు తాను ఆవిరి చేసుకోవడానికే పోతుంది. ఆ నష్టం ఒక ఎత్తు. మంట చల్లబడి కట్టె సరిగా కాలక పొగ కమ్మడం ఇంకొక ఎత్తు. ఆ పొగ పోయేది పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ల, వాళ్ల ఒళ్లో పిల్లల ఊపిరితిత్తుల్లోకి. బెరడులో బూడిదయ్యే ఖనిజాలు, ముఖ్యంగా సున్నం సంబంధమైనవి, కట్టెలో కంటే చాలా రెట్లు ఎక్కువ. కాబట్టి వదులైన పట్టను ఒలిచి కట్టెను చీల్చి ఎండబెడితే తొందరగా ఆరుతుంది, బూడిదా తగ్గుతుంది.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక పల్లెల్లో గ్యాసు పొయ్యిలు పెరిగాయి. అది మంచి మార్పు, పొగ బాధ తీర్చిన మార్పు. అయినా నీళ్లు కాయడానికి, పెళ్లి వంటకు, ఇటుక బట్టీకి కట్టె ఇంకా కావాలి. కావలసిన ఆ కట్టెకు కంపచెట్టును ఏరుకోండి. నూటయాభై ఏళ్ల కిందట కమలాపురంలో దాన్ని చల్లింది వంటచెరకు కోసమే. దాన్ని ఎంత కొట్టినా తరగదు, తరిగినా మన నేలకు నష్టం లేదు. కొండ మీది ఏపిని, మద్దిని, చండ్ర పచ్చికొమ్మను వదిలేయండి. పలకల పట్ట ఉన్న ముల్లులేని చెట్టు దగ్గరికి కొడవలే తీసుకుపోకండి.

మీ ఊళ్లో పట్ట చూసి చెట్టు పేరు చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉంటే, వాళ్లను ఒక పూట చేల గట్ల వెంట బడిపిల్లలతో నడిపించండి. నేలమీద రాలిన పెచ్చులు ఏరి, అవ్వ చెప్పిన పేరు, చెట్టున్న చోటు, నెల చీటీ మీద రాసి ఒక్కొక్కటీ కాగితపు పొట్లంలో కట్టి బడిలో పెట్టండి. రెమ్మ, నడిమి కొమ్మ, మాను, మూడిటి పెచ్చులూ ఉండాలి. పచ్చి చెట్టు పట్ట మాత్రం ఒలవకండి.